వైద్య సలహాకు ఇంట్లో ఎలాంటి ఫోను ఉండాలి?

ఉద్యోగ విరమణ తరువాత ఆసుపత్రి నన్ను వదిలిపెట్టింది గాని ఫోను వదిలిపెట్టలేదు. నిజామాబాద్ పట్టణంలోని మా ఇంట్లో వీధివైపు ఒక చిన్నగది ఉన్నది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, పాత రోగుల వివరాలు రాసుకున్న నోటు పుస్తకాలతో నిండిన ఒక అలమర. ఉదయం రెండు గంటలు, సాయంత్రం ఒక గంట అక్కడ కూర్చుంటాను. ఏళ్ల తరబడి నాకు చూపించుకున్నవారు, ముఖ్యంగా బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని మండలాల పల్లెలవారు, బస్సెక్కి రాలేని రోజున ఫోను చేస్తారు. చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్న ప్రశ్నలే ఎక్కువ. ఈ గదిలో ఎలాంటి ఫోను పెట్టుకోవాలన్న విషయాన్ని నేను చాలాకాలం పట్టించుకోలేదు. జేబులో మొబైలు ఉన్నది, ఇంట్లో ఇంటర్నెట్టు ఉన్నది, ఇంకేమి కావాలి అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత ప్రమాదకరమో ఒక వర్షాకాలపు సాయంత్రం తెలిసివచ్చింది.

బోధన్ శక్కర్‌నగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారంలో చక్కెర వండే విభాగంలో దాదాపు జీవితమంతా పనిచేశారు. ఆసియాలోకెల్లా పెద్ద కర్మాగారమని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు దానిని. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. ఆయనకు చక్కెర వ్యాధి వచ్చినప్పుడు, "జిందగీ అంతా చక్కెర వండిన, ఇప్పుడు అదే నన్ను వండుతున్నది సారూ" అని నవ్వారు. మొదట్లో ఆయన మాత్రలు వేసుకునే సమయాలను మేము కర్మాగారపు సైరనుకు ముడివేశాము. సైరను మోగగానే మాత్ర. అంతకంటే నమ్మకమైన గడియారం ఆ ఊళ్లో లేదు. సైరను ఆగిపోయిన తరువాత ఆ పని ఫోను మీద పడింది. క్రమంగా మాత్రలు చాలక ఇన్సులిను మొదలుపెట్టవలసి వచ్చింది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, రెండు పూటలా భోజనానికి ముందు వేసుకునే మిశ్రమ ఇన్సులిను.

ఆ సాయంత్రం ఆయన భార్య ఫోను చేసింది. "సారూ, పొద్దుగాల్నుంచి ఏం తింటలేడు. రెండుమార్లు కక్కిండు. రాత్రి సూది ఏసుకోవాల్నా?" అని అడిగింది. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదని అడిగాను. ఎనభై రెండు అన్నది. ఫోను ఆయనకే ఇమ్మన్నాను. ఆయనకు వినికిడి కొంచెం తక్కువ కనుక గొంతు పెంచి, "పెద్దాయనా, తినలేదు గనుక ఈ రాత్రి ఇన్సులిను వేసుకోవద్దు" అన్నాను. అదే క్షణంలో మా వీధిలో కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకున్నది, నా తల మీది పంకా కనీసం వేగం తగ్గలేదు. ఫోను మాత్రం తెగిపోయింది. తిరిగి చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను, మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. నేను చెప్పవలసినది చెప్పేశాను గదా అనుకున్నాను. నా చెవికి నా వాక్యం పూర్తిగానే వినబడింది.

ఆయనకు వినబడినది "ఈ రాత్రి ఇన్సులిను వేసుకో" అన్నంత వరకే.

మన భాషలో కాదు, లేదు, వద్దు అనేవన్నీ క్రియకు చివరన వచ్చి చేరతాయి. "వేసుకో"కు "వద్దు" కలిస్తే వేసుకోవద్దు. ఆ చివరి రెండక్షరాలు దారిలో జారిపోతే మిగిలేది స్పష్టమైన ఆజ్ఞ, అదీ సరిగ్గా వ్యతిరేకమైన ఆజ్ఞ. మధ్యలో ఒక మాట పోతే వినేవారికి ఏదో పోయిందని తెలుస్తుంది, మళ్లీ అడుగుతారు. చివర పోతే వాక్యం పూర్తయినట్టే ఉంటుంది. నలభై ఏళ్లు తెలుగులో వైద్యం చెప్పినా ఈ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు.

అర్ధరాత్రి దాటిన తరువాత ఆయన ఒళ్లంతా చెమటలు పట్టి, పిలిస్తే పలకని స్థితికి వెళ్లారు. పక్కింటి కుర్రవాడు 108కి ఫోను చేశాడు. బోధన్‌లోనే ఆసుపత్రికి చేర్చి నరంలోకి గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచారు. నాలుగవ రోజున భార్యాభర్తలు ఇద్దరూ బస్సులో పాతిక కిలోమీటర్లు వచ్చి నా గదిలో కూర్చున్నారు. ఆమె కోపంగా లేదు. "మీరే ఏసుకొమ్మన్నరు గద సారూ" అన్నది, నేను చెప్పినది తాము తప్పకుండా పాటించామన్నట్టుగా. కోపపడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇక్కడ పాఠకులకు ఒక హెచ్చరిక. తినలేనప్పుడు ఇన్సులిను మానుకోవాలన్నది అందరికీ వర్తించే సూత్రం కాదు. చిన్నవయసులో వచ్చే టైప్ 1 మధుమేహంలో జ్వరం వచ్చినా, వాంతులైనా ఇన్సులినును పూర్తిగా ఆపితే ప్రాణాపాయం. మోతాదు ఎంత, ఏ రకం అన్నది మీ వైద్యుణ్ణి అడిగే నిర్ణయించుకోవాలి. చక్కెర 70 కంటే తగ్గి, మనిషి స్పృహలో ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చెప్పాలి. ఇప్పుడు ఫోను సంగతికి వస్తాను.

నా పాత రోగి ఒకాయన కుమారుడు పట్టణంలో ఇంటర్నెట్టు తీగలు వేసే పని చేస్తాడు. అతణ్ణి పిలిపించాను. కొత్త ఫోను కొనమంటాడేమో అనుకున్నాను. అతడు ఫోను వంక చూడనే లేదు. నేరుగా ఇన్వర్టరు దగ్గరకు వెళ్లి, వెనుక ఉన్న ఒక చిన్న మీటను చూపించాడు. చాలా ఇళ్ల ఇన్వర్టర్లకు రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి మామూలు పద్ధతి, రెండవది యూపీఎస్ పద్ధతి. మామూలు పద్ధతిలో కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి సెకనులో చిన్న భాగం పడుతుంది. పంకాకు, దీపానికి ఆ ఖాళీ తెలియదు. రూటరు లోపల ఉండే చిప్పులకు మాత్రం అది చావు పుట్టుకలంత దూరం. ఆరిపోయి, మళ్లీ మొదటి నుంచి లేచి, లైను వెతుక్కుని నిలబడేసరికి రెండు మూడు నిమిషాలు. మా గదిలో మొబైలు సిగ్నలు బలహీనంగా ఉంటుంది కనుక నా మొబైలు వైఫై మీదుగా కాల్ నడుపుతున్నది; రూటరు ఆరగానే కాల్ కూడా ఆరిపోయింది. ఇంట్లో దీపం వెలుగుతున్నంత మాత్రాన ఫోను బతికి ఉన్నట్టు కాదని ఆ రోజు తెలిసింది.

పాత రాగితీగ ల్యాండ్‌లైనుకు ఈ బాధ లేదు. ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. మాటతో పాటు ఫోనుకు కావలసిన కరెంటు కూడా అదే తీగ మీద వచ్చేది. వీధంతా చీకటైనా ఫోను మోగేది. మా ఇంట్లో అదే ఉండేది. కాకపోతే రోడ్డు తవ్విన ప్రతిసారీ తీగ తెగి వారాల తరబడి మూగబోయేది, చివరకు దానిని నేనే వదులుకున్నాను. ఇప్పుడు ఇంటికి వచ్చేది గాజుతీగ. అందులో వెలుగు ప్రయాణిస్తుంది గాని ఫోనును నడిపే కరెంటు రాదు. ఆ చివర ఎంత గొప్ప ఏర్పాటు ఉన్నా ఈ చివర మన గోడకు తగిలించిన పెట్టెకు మన ఇంటి కరెంటే దిక్కు. ఇంటర్నెట్టు ఫోను పెట్టుకునేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న నెలకు ఎంత అని కాదు, కరెంటు పోతే ఏమవుతుంది అని.

రెండవ సందేహం వేగం గురించినది. అమ్మేవారందరూ వంద మెగాబిట్లు, రెండు వందల మెగాబిట్లు అంటారు. మాటకు అంత అక్కరలేదు. టెలిఫోను నాణ్యతతో ఒక సంభాషణ నడవడానికి ఒక్కొక్క వైపు సెకనుకు 64 కిలోబిట్లు, పైన కట్టే మూటలన్నీ కలిపినా 80, 90 కిలోబిట్లు చాలు. అంటే మెగాబిట్టులో పదవ వంతు. మరి అంత పెద్ద కనెక్షను ఉన్నా మాట ఎందుకు తెగుతుంది?

దీనిని ఆ కుర్రవాడికంటే మా పెద్దాయన బాగా అర్థం చేసుకున్నారు. ఆయనకు నేను చెప్పిన పోలిక ఇది. మనం మాట్లాడే మాటను యంత్రం ముక్కలు ముక్కలుగా కోసి, సెకనులో యాభైయవ భాగం చొప్పున ఒక్కొక్క బండికి ఎత్తుతుంది. సెకనుకు యాభై బండ్లు. అన్నీ ఒకే దారిన, ఒకే వరుసలో కర్మాగారం గేటుకు చేరాలి. గానుగ ఆగదు. వచ్చిన బండిని వచ్చినట్టు మింగుతూ పోతుంది. ఆలస్యంగా వచ్చిన బండిని లోపలికి రానివ్వరు, అక్కడే పారబోస్తారు. ఒకటి రెండు బండ్లు పోతే చెవికి తెలియదు. వరుసగా పదో పన్నెండో పోతే ఒక అక్షరం పోయినట్టే. దారి వెడల్పు ఎంతైనా, అదే సమయంలో వేరే లారీలు అడ్డం వస్తే బండ్లు ఆగుతాయి. మా ఇంట్లో అడ్డం వచ్చే లారీలు రెండు: గేటు దగ్గరి సీసీ కెమెరా రోజంతా పైకి పంపే దృశ్యాలు, సెలవులకు వచ్చిన మనవల వీడియోలు. పెద్దాయన అంతా విని, "సీజన్ల టోకెన్ లేకుంట బండి కట్టినట్టు" అన్నారు. సరిగ్గా అదే. ఫోను బండ్లకు ముందు టోకెను ఇవ్వాలి.

ఆ టోకెను ఇచ్చే మార్గాన్ని బట్టే నా ఎంపిక తేలింది. నా ముందున్న దారులు నాలుగు. మొదటిది వాట్సాప్ వంటి యాప్‌లోనే అందరితో మాట్లాడడం. గాయం ఫోటో, గ్లూకోమీటరు అంకె ఫోటో చూడడానికి వాట్సాప్‌కు సాటి లేదు; నేను ఇప్పటికీ వాడుతున్నాను. కాని బటన్ల ఫోను ఉన్న ముసలివారికి అది అందదు. పైగా వాట్సాప్ నుంచి 108కి గాని, 112కి గాని ఫోను వెళ్లదు. రెండవది మొబైలునే వైఫై మీద నడపడం. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సౌకర్యం తెచ్చాయి. మంచి సౌకర్యమే, అదే నంబరు, వేరే యాప్ అవసరం లేదు. అయితే ఇంట్లోని మిగిలిన వైఫై రద్దీలో దానికీ భాగమే, ప్రత్యేక మర్యాద లేదు. మూడవది సిప్ అనే పద్ధతిలో నడిచే ఇంటర్నెట్టు ఫోను. ఒక యాప్ గాని, బల్లమీది ఐపీ ఫోను గాని పెట్టుకుని సేవాసంస్థ ఇచ్చిన నంబరుతో మాట్లాడడం. 2018లో ప్రభుత్వం ఇంటర్నెట్టు నుంచి మామూలు ఫోన్లకు కాల్ చేసే సేవలకు దారి తెరిచాక బీఎస్ఎన్ఎల్ "వింగ్స్" పేరుతో అటువంటి సేవను ప్రకటించింది. నాలుగైదు గదులు, ఒక రిసెప్షను, కాల్‌ను ఒకరి నుంచి మరొకరికి మార్చవలసిన అవసరం ఉన్న క్లినిక్కులకు ఐపీ ఫోన్లు తగినవి. ఒంటరి ముసలి వైద్యుడికి అవి ఎక్కువ. పాస్‌వర్డు మరచిపోతే ఫోను మూగదైపోతుందన్న భయం నాకు ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

నాలుగవది నేను ఎంచుకున్నది. గాజుతీగ చేరే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. చాలా పెట్టెలకు వెనుక టెలిఫోను తీగ పట్టే చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ పాతకాలపు తీగ ఫోనును గుచ్చవచ్చు. లోపల అదీ ఇంటర్నెట్టు ఫోనే, అవే బండ్లు. కాని సాధారణంగా సేవాసంస్థ ఆ మాటల బండ్లకు వేరే బాట వేసి ఉంచుతుంది. మనవడి వీడియో ఆ బాటలోకి రాదు. పాత ల్యాండ్‌లైను నంబరే మళ్లీ దొరకడం నా అదృష్టం. ఇది చిన్న విషయం కాదు. మోసపు ఫోన్లు ఎక్కువైన ఈ రోజుల్లో పల్లెలవారు తెలియని నంబరు ఎత్తడం మానేశారు, అదే మంచిది కూడా. 08462తో మొదలయ్యే నా నంబరు ఎన్నో ఇళ్లలో గోడమీద పెన్సిలుతో రాసి ఉన్నది. కొత్త నంబరు పెట్టుకుంటే ఆ గోడలన్నీ ఎవరు తుడిచి రాస్తారు?

ఫోను కూడా తీగ ఉన్నదే కొన్నాను. చేతిలో పట్టుకు తిరిగే కార్డ్‌లెస్ ఫోను ముచ్చటగా ఉంటుంది గాని దాని అడుగు పెట్టెకు వేరే కరెంటు కావాలి. ఆ కరెంటు పోతే అదీ పోతుంది. తీగ ఫోనుకు కావలసినంత కరెంటును ఓఎన్‌టీయే ఇస్తుంది. ఇక ఓఎన్‌టీకి, రూటరుకు మధ్యలో మినీ యూపీఎస్ అనే చిన్న పెట్టెను అమర్చాము. అరచేతి కంటే కొంచెం పెద్దది. లోపల బ్యాటరీ, బయటికి 12 వోల్టుల తీగలు. ఖర్చు రెండువేల రూపాయల లోపే. ఇన్వర్టరు ఎంత ఆలస్యంగా మేలుకున్నా ఈ పెట్టె ఖాళీ రానివ్వదు. కొనేముందు మీ రూటరు అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చదివి, వాటికి సరిపడేదే తీసుకోవాలి. అమర్చిన రోజున నా భార్యను మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టి, నేను స్నేహితుడికి ఫోను చేసి మాట్లాడుతుండగా మూడుసార్లు కరెంటు తీయించాను. మాట తెగలేదు. "ఇంత మాత్రానికేనా ఇన్నాళ్లు?" అన్నది ఆవిడ. సమాధానం చెప్పలేదు.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉన్నది, దాచను. ల్యాండ్‌లైనులో వినబడే గొంతు ఇరుకైనది. మాటలో 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్నే టెలిఫోను తీగలు మోస్తూ వచ్చాయి. స, శ, ఫ వంటి అక్షరాల పదును చాలావరకు దానికి పైన ఉంటుంది. అందుకే ఫోనులో "ఎస్" అంటే "ఎఫ్"లాగా వినబడుతుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం కూడా ముందుగా దెబ్బతీసేది పైస్థాయి శబ్దాలనే. చెవి సగం, తీగ సగం కోసేస్తే మిగిలేది ఊహ. నేటి 4జీ మొబైళ్లు రెండువైపులా అనుకూలిస్తే దాదాపు 7000 హెర్ట్జ్ వరకు మోస్తాయి, గొంతు దగ్గరగా వినబడుతుంది. కాబట్టి వినికిడి తక్కువైనవారికి నేను మొబైలు నుంచే చేస్తాను. దగ్గు ఎలా ఉన్నదో, ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు చెప్పగలుగుతున్నారో వినవలసి వచ్చినప్పుడు కూడా మొబైలే. నమ్మకానికి ల్యాండ్‌లైను, స్పష్టతకు మొబైలు. ఒకే పరికరంలో రెండూ దొరకాలని పట్టుబట్టి నెలలు గడిపే బదులు రెండూ పెట్టుకోవడం మేలనిపించింది.

మన జిల్లాలో ఫోను గురించి మాట్లాడుతూ గల్ఫును విడిచిపెట్టలేము. నా రోగుల్లో సగం మంది కొడుకులు దుబాయిలోనో, సౌదీలోనో, కువైట్‌లోనో ఉన్నారు. తండ్రికి వంట్లో బాగాలేదంటే మొదటి ఫోను అక్కడి నుంచే వస్తుంది. సౌదీ 2017లో ఇంటర్నెట్టు కాల్స్ మీది నిషేధం సడలించింది. ఎమిరేట్సులో అనుమతి పొందిన బోటిమ్ వంటి యాప్‌లనే వాడాలి, వాట్సాప్‌లో మాట రాదు. "వాట్సాప్ చేయి బాబూ" అని ఇక్కడివారు తేలికగా అంటారు, అక్కడ ఆ పిల్లవాడు చేయలేక మౌనంగా ఉంటాడు, పట్టించుకోవడం లేదని ఇక్కడ తల్లి కన్నీరు పెట్టుకుంటుంది. ఇలాంటి అపార్థాలను రెండుమూడు ఇళ్లలో నేనే విప్పవలసి వచ్చింది. దూరపు కాల్స్‌లో మరొక చిక్కు ఆలస్యం. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ ప్రమాణం. అది దాటినకొద్దీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. అప్పుడు పోయేవి మళ్లీ వాక్యాల చివరలే. అందుకని గల్ఫు నుంచి ఫోను వస్తే, "నేను 'సరేనా' అనేదాకా ఆగు నాయనా, తరువాత నీవు చెప్పు" అని ముందే ఒప్పందం చేసుకుంటాను.

ఫోనులో వైద్య సలహా ఇవ్వడానికి 2020 మార్చి 25న కేంద్రప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. మాట, వీడియో, రాతపూర్వక సందేశం మూడింటినీ అవి అనుమతిస్తాయి. అత్యవసర స్థితిలో ఫోనుతో సరిపెట్టక నేరుగా వైద్యం అందేచోటికి పంపాలని, సంప్రదింపు వివరాలు భద్రపరచాలని చెబుతాయి. ఆరు నెలల లోపు మనం స్వయంగా చూసిన రోగి అదే జబ్బుకు మళ్లీ సంప్రదిస్తే దానిని కొనసాగింపు సంప్రదింపుగా పరిగణిస్తారు. నేను దీనిని గట్టిగా పట్టుకున్నాను. ముఖం చూడకుండా ఏళ్లు గడిచినవారికి, "ఒక్కసారి వచ్చి కనబడండి, తరువాత ఎన్నిసార్లైనా ఫోను చేయండి" అంటాను. కొందరికి కోపం వస్తుంది. సంభాషణలను రికార్డు చేయను. నోటు పుస్తకంలో తేదీ, సమయం, అడిగినది, చెప్పినది రాసుకుంటాను. స్పీకరు పెట్టి మాట్లాడడం కూడా మానేశాను. ఇల్లే కార్యాలయమైనప్పుడు పక్కగదిలో చుట్టాలు ఉంటారు. ఒకరి ముట్టు బాధ, ఒకరి మూత్రవ్యాధి వారి చెవుల్లో పడవలసిన అవసరం లేదు. తీగ ఫోను చెవికి ఆనించుకుని తలుపు మూసుకుంటాను. ఫోనును భుజానికీ మెడకూ మధ్య ఇరికించి రాసే అలవాటు మాత్రం పోలేదు. మెడనొప్పి గురించి అందరికీ చెప్పే నేనే ఇది చేస్తున్నానని మా ఆవిడ ఫిర్యాదు.

ఇంత చేసినా అవతలి కొసను నేను బాగుచేయలేను. వర్ని పక్క పల్లెలో వరి పొలం గట్టు మీద నిలబడి మాట్లాడే మనిషి ఫోనులో సిగ్నలు ఎంతో, చార్జింగు ఎంతో నా చేతిలో లేదు. అక్కడ మార్చుకోవలసింది నా మాట తీరు. ఇప్పుడు "వేసుకోవద్దు" అనను. "వద్దు. ఈ రాత్రి సూది వద్దు. సూది ఆపండి" అంటాను. వద్దు ముందు, మధ్యలో, చివర. ఎక్కడ తెగినా ఒకటి మిగులుతుంది. "ఆపండి" అన్నది మరీ మంచి మాట, దాని తోక తెగినా "ఆప" అనే అర్థం మిగులుతుంది. అంకెల్లోనూ ఇదే చిక్కు ఉన్నది. "పద్నాలుగు"లో తల పోతే "నాలుగు", "పదహారు"లో తల పోతే "ఆరు". "ఇరవై"కీ "అరవై"కీ తేడా ఒక్క అచ్చు. అందుకని "పద్నాలుగు, ఒకటి నాలుగు" అని విడదీసి చెబుతాను, వారి చేత తిరిగి చెప్పిస్తాను. "అర్థమైందా?" అని అడగడం దండగ. అర్థమైందనే అంటారు, డాక్టరు ముందు కాలేదని ఎవరు అంటారు? "నేను ఏమి చెప్పానో చెప్పండి" అనాలి. కాల్ మధ్యలో తెగితే, తిరిగి కలిసి వారి నోట విన్నదాకా నేను చెప్పినదేదీ లెక్కలోకి రాదని ఇంటింటికీ చెప్పి ఉంచాను. కలవకపోతే పక్కింటి నంబరు ఒకటి నోటు పుస్తకంలో ఉంటుంది. ఆ రాత్రి నా దగ్గర ఆ నంబరు ఉండి ఉంటే సరిపోయేది.

మొన్న వానలు మొదలైన వారంలో పెద్దాయన భార్య మళ్లీ ఫోను చేసింది. జ్వరం, అన్నం సహించడం లేదు, చక్కెర తొంభై ఆరు. "తొమ్మిది, ఆరు" అని విడదీసి తానే చెప్పింది. మాట్లాడుతుండగా కరెంటు పోయింది. బల్లమీది దీపం ఒక్కసారి రెప్పవేసి మళ్లీ వెలిగింది. గోడమీది పెట్టెలో పచ్చ దీపాలు కదలలేదు. నేను చెప్పవలసినది చెప్పాను. పెద్దాయన ఫోను తీసుకుని, "వద్దు అన్నరు. సూది వద్దు, రాత్రి ఆపుమన్నరు. రెండు గంటలకోసారి చక్కెర చూడుమన్నరు. గంజి తాగుమన్నరు. రాసుకున్న సారూ" అన్నారు. ఒక క్షణం ఆగి, "మీ దగ్గర కరెంటు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "ఫోన్ మంచిగనే ఇనబడుతున్నది" అన్నారు.